ఉఫ్ అంటేనే ఇంగ్లీషు

పొరుగింటి పుల్లకూర రుచి అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్లు తప్పకుండా జహీరాబాదు వ్యాపారులను చూసే పుట్టించి ఉంటారని రత్నమ్మ గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆమెకు ఊరికే రాలేదు. ఆమె మొగుడు పీటర్ పంతులు బీదర్ మిషన్ బడిలో చదువుకున్నవాడు. సావుకారి చెన్నబసప్ప బెల్లం గోదాములో వ్యాపారుల పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాడు. బొంబాయి కంపెనీల నుంచి ఉత్తరాలు ఇంగ్లీషులో వస్తుంటే, అవి చదివించుకోవడానికి స్టేషను మాస్టరు చుట్టూ తిరిగి తిరిగి విసిగిన వ్యాపారులంతా కలిసి పెట్టుకున్న బడి అది. వాళ్ల సంఘానికి పెద్ద చెన్నబసప్పే. పంతులుకు గోదాం వెనక రెండు గదులు కూడా ఇచ్చారు. కొలువు ఉన్నన్నాళ్లు ఇల్లు, కొలువు పోతే ఇల్లూ పోతుంది.

అంతా బాగానే సాగేది, చెన్నబసప్ప నూనె మిల్లు ఇంజను చెడిపోకుండా ఉంటే.

యుద్ధం రోజులు. సామాను దొరకదు, దొరికినా బిగించే మిస్త్రీ దొరకడు. ఎవరెవరికో చెప్పి పంపగా, చివరికి షోలాపూర్ నుంచి ఒక తెల్లవాడు రైలు దిగాడు. పొడుగాటి మనిషి, ఎర్రటి ముక్కు, చేతిలో పానాల పెట్టె. పేరు యాన్ అన్నాడు. ఒట్టి యాన్ అని పిలిస్తే మర్యాదగా ఉండదని ఊరు వెంటనే యానప్ప దొర అని సరిచేసింది. పొద్దుగూకే లోపల అతను ఇంజను నడిపించాడు. ఆ ఇంజను ధడధడమని మొదలైందో లేదో, చెన్నబసప్ప బుర్రలో ఇంకో ఇంజను మొదలైంది.

"నెయ్యి కొంటె కల్తీ చూస్తం, బెల్లం కొంటె కల్తీ చూస్తం. ఇంగ్లీషుకు ఎందుకు చూడొద్దు?" అన్నాడు సంఘం వాళ్లతో. "పీటర్ పంతులుది చేతులు మారి వచ్చిన సరుకు. ఈ దొరది పుట్టిన కాడి సరుకు. దొర ఇంజను కాడనే ఉంటడు, సాయంత్రం పిల్లలకు చదువు చెప్తడు."

సరుకు సంగతి సావుకారికంటే ఎవరికి ఎక్కువ తెలుస్తుంది? అందరూ తలలూపారు. మర్నాడే గోదాములో దొరను బల్ల మీద నిలబెట్టి మాట్లాడమన్నారు. పాపం ఆ దొర నిజమే చెప్పాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, "నాట్ ఇంగ్లిష్‌మ్యాన్. నాట్, నాట్. పోలండ్. పోలండ్" అన్నాడు. గోదాం అదిరిపోయేలా చప్పట్లు కొట్టారు. ఎంత బాగా మాట్లాడుతున్నాడో చూడమని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్లు చప్పట్లు కొట్టేకొద్దీ అతను ఇంకా గట్టిగా కాదు కాదని అరిచాడు. అతను అరిచేకొద్దీ వీళ్లు ఇంకా చప్పట్లు కొట్టారు.

వెనక నిలబడ్డ పీటర్ పంతులు ముందుకు వచ్చి, "సావుకారీ, ఆయన ఇంగ్లీషువాడు కాడంట. పోలండ్ అని వేరే దేశం. వాళ్ల భాష వేరే" అన్నాడు మెల్లగా.

చెన్నబసప్ప పంతులు భుజం మీద జాలిగా చెయ్యి వేశాడు. "కడుపుమంట మంచిది కాదు పంతులూ. మన ఊరి పక్కన కోహీర్ ఉన్నట్టు లండను పక్కన పోలండ్ ఉంటది. ఉగాది దాక ఇంట్లనే ఉండుండ్రి, ఫికర్ లేదు. తర్వాత ఖాళీ చెయ్యుండ్రి."

ఆ రాత్రి పీటర్ పంతులు అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు. రత్నమ్మ మాత్రం గిన్నెలన్నీ ఎత్తి ఎత్తి కుదేసింది. ఉగాది తర్వాత ఎక్కడికి పోతారు? అత్తగారి ఊళ్లో గుడిసె కూలి నాలుగేళ్లయింది. ఇరవై ఊళ్లు తిరిగినా ఇంగ్లీషు పంతులు కావాలనే ఇంకో ఊరు దొరకదు. పైగా మొగుడి మొహంలో ఆ చిన్నబోవడం ఆమె చూడలేకపోయింది. ఎంత ప్రేమగా చెప్పేవాడు ఆ పాఠాలు. ఇంట్లో కోడిపిల్లలకు కూడా గుడ్ మార్నింగ్ చెప్పే మనిషి.

ఇక యానప్ప దొర మొదటి రోజు బడిలో తనకు వచ్చిన ఇంగ్లీషు మొత్తం చెప్పేశాడు. నట్టు, బోల్టు, ఆయిలు, బ్రెడ్డు, థాంక్యూ. పిల్లలు ఎగిరి గంతేసి నేర్చుకున్నారు. దాంతో దొర దగ్గర మూట ఖాళీ అయింది. రెండో రోజు ఏం చెప్పాలి?

తెల్లారకముందే పెరటి తలుపు చప్పుడైంది. రత్నమ్మ తీస్తే ఎదురుగా దొర, టోపీ చేతిలో పట్టుకుని. లోపలున్న పీటర్ పంతులును చూడగానే తన నోరు చూపించి, రెండు చేతులూ ఖాళీగా తిప్పాడు. వచ్చిన నాలుగు ముక్కలతో, సైగలతో, అతను చెప్పుకున్నదంతా పంతులుకు అర్థమైంది. దేశం మీద యుద్ధం పడింది. తిరిగి పోవడానికి ఊరు లేదు. నిజం చెప్తే ఎవరూ వినడం లేదు. బడి వద్దంటే సావుకారికి కోపం వచ్చి మిల్లు నుంచి కూడా పొమ్మంటాడేమో.

పీటర్ పంతులు మనసు వెన్న. పొయ్యి దగ్గర పీట వేసి, "సిట్ డౌన్" అన్నాడు.

"మన కుర్చీల కూసున్నోనికి మన పొయ్యి కాడ పీట ఏస్తవా?" అంది రత్నమ్మ. "నీ అంత మంచోడు ఈ తాలూకాల లేడు. ఉంటె వాని పెండ్లాం గూడ నా లెక్కనే ఏడుస్తుంటది."

"ఎవరికి చెప్పకే రత్నా. ఆయనకు ఉన్న నీడ గూడ పోతది" అని పంతులు ఆమె చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. ఎవరితోనూ నోటితో అననని ఆమె ఒట్టు వేసింది. వేసి, కోపమంతా పిండి మీద చూపించింది.

రత్నమ్మ జొన్న రొట్టె చేస్తే ఆ వీధికి తెలిసేది. ఆ మాటకొస్తే అక్కడ ఏ ఇంట్లో ఎవరు రొట్టె కొడుతున్నారో గోడవతల నుంచే చెప్పగలరు ఆడవాళ్లు. ఒక్కొక్కరిది ఒక్కొక్క దెబ్బ. రత్నమ్మది మూడు బరువు దెబ్బలు, ఒక తేలిక తట్టు. బావి చేంతాడులో ఇరుక్కుని చిటికెన వేలు వంకరపోయినప్పటి నుంచి నాలుగోది ఎప్పుడూ తేలికే. అది కాగానే అరచేతిలో మిగిలిన పొడిపిండిని ఉఫ్ అని ఊదుతుంది. ధబ్, ధబ్, ధబ్, టప్, ఉఫ్. గోడవతలి దొడ్డిలో చెన్నబసప్ప తల్లి గిరిజమ్మ రోజూ ఆ చప్పుడుకే మేలుకునేది. "రత్నీ, నీ రొట్టె కోడి కంటె నయమే" అని గోడ మీద నుంచి అనేది కూడా.

అలా చదువు మొదలైంది. పొయ్యికి ఒక పక్క రత్నమ్మ, ఇంకో పక్క గురువూ శిష్యుడూ. పంతులు "ద కౌ గివ్స్ మిల్క్" అనేవాడు, ఆవు పాలిస్తుందని. పెనం పక్కన ధబ్ ధబ్ ధబ్ టప్. దొర ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాడు, తిరిగి అనేవాడు, కొత్త పాఠం పట్టుకుని వెళ్లిపోయేవాడు. వెళ్లేముందు రత్నమ్మ పెట్టిన రొట్టె మీద ఎర్రకారం వేసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిని, వాళ్ల భాషలో ఏదో అని తల వంచేవాడు. ఆ మాటేమిటో తెలియదు గానీ, అది విన్నప్పుడల్లా రత్నమ్మ కోపం చిటికెడు తగ్గేది. తగ్గినందుకు మళ్లీ తన మీద తనకే కోపం వచ్చేది.

ఊళ్లో దొర పేరు మారుమోగిపోయింది. సావుకారి మనుమడు విరూపాక్ష ఇంటికొచ్చి ఆవు గురించి, ఎద్దు గురించి ఇంగ్లీషులో చెప్తుంటే చెన్నబసప్ప గాలిలో తేలాడు. "విన్నరా, అసలు సరుకంటె అది" అని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పీటర్ పంతులు స్టేషను దగ్గర డబ్బులకు జనానికి టెలిగ్రాములు రాసిపెడుతూ అవన్నీ విని, "పిల్లలకు వస్తుంది గద, అదే చాలు" అనేవాడు. ఆ మాట వింటే రత్నమ్మకు చిర్రెత్తుకొచ్చేది.

ఒక సాయంత్రం ఆమె నీళ్ల బిందెతో గోదాం పక్క నుంచి వస్తోంది. లోపల దొర చదువు చెప్తున్నాడు. ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ధబ్, ధబ్, ధబ్, టప్. ఉఫ్.

కిటికీలోంచి తొంగిచూసింది. బల్లల మీద పిల్లలంతా నిటారుగా కూర్చుని, "ద" అని తొడ మీద ఒక దెబ్బ, "కౌ" అని ఒక దెబ్బ, "గివ్స్" అని ఒక దెబ్బ, "మిల్క్" అని చిటికెన వేలు పైకెత్తి తేలికగా ఒక తట్టు. ఆ పైన అందరూ అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదారు. ఎదురుగా దొర, ఎంతో గంభీరంగా, తనూ ఊదాడు. ఇంగ్లీషంటే అలాగే మాట్లాడతారని ఆ అమాయకుడు అనుకున్నాడు. పక్కన నిలబడ్డ చెన్నబసప్ప కూడా తొడ కొట్టుకుని, మీసాలెగిరేలా ఊదాడు.

రత్నమ్మకు ముందు ఒళ్లు మండింది. తర్వాత పొట్టలో ఏదో కదిలింది. ఆ కదిలింది గొంతులోకి వచ్చేసరికి ఆమె బిందె అక్కడే దించేసి, కొంగు నోట్లో కుక్కుకుని, ఇంటికి పరుగెత్తి, చాప మీద పడి దొర్లింది. పీటర్ పంతులు వచ్చి ఒంట్లో బాగాలేదా, దవాఖానకు పోదామా అని అడిగాడు. ఆమె నవ్వాపుకోలేక వద్దని చెయ్యి ఊపింది.

అయినా నిజమో కాదో తేల్చుకోవాలి కదా. మర్నాడు పొద్దున కావాలనే ఉఫ్ తర్వాత పీట అంచు మీద గాజులు గలగల ఆడించింది. ఆ సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి చూసింది. పిల్లలంతా ఉఫ్ అని ఊది, మణికట్లు గలగలా ఊపారు. గాజులు లేవు కాబట్టి చప్పుడు రాలేదు గానీ ఊపడం మాత్రం అచ్చంగా వచ్చింది. చెన్నబసప్ప తన బంగారు కడియం ఊపాడు. రత్నమ్మ తల తిరిగిపోయింది. తనకు ఏబీసీడీలు రావు. జహీరాబాదు ఇంగ్లీషు మొత్తం మాత్రం తన చేతిలోనే ఉంది. గాజుల సంగతి మరీ ఎక్కువైందని మర్నాడు దయతలచి మానేసింది.

ఉగాది దగ్గరపడింది. పండగకు ముందు గోదాములో జల్సా, అదే పెద్ద సభ, ఉంటుందని చెన్నబసప్ప చాటించాడు. కోహీర్, న్యాల్‌కల్, చిరాగ్‌పల్లి నుంచి వ్యాపారులు వస్తారు, పిల్లల ఇంగ్లీషు వింటారు, మెచ్చితే వాళ్ల పిల్లలనూ పంపుతారు. ఆ మాట విని పీటర్ పంతులు అటక మీది ట్రంకుపెట్టె దించి, పుస్తకాల దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పుస్తకం తుడిచి, తెరిచి, కాసేపు చదివి, పెట్టెలో పెడుతున్నాడు. రత్నమ్మ అది చూసి లేచి, పెరట్లోకి వెళ్లి, గోడ మీద నుంచి పిలిచింది.

"అవ్వా, జల్సాకు పోతవా? నీ మునిమనుమడు ఇంగ్లీషు చదువుతడట."

"నాకేం తెలుస్తదే ఇంగ్లీషు?" అంది గిరిజమ్మ.

"నీకే తెలుస్తదవ్వా. నీ అంత ఎవరికి తెల్వదు. జర నాలుగిండ్ల ఆడోళ్లను గూడ తోలుకపో."

జల్సా రోజు గోదాం ఊడ్చి, బెల్లం ముద్దలు ఒక పక్కకు పేర్చి, జంపఖానాలు పరిచారు. మగవాళ్లు ముందు. ఆడవాళ్లకు వెనక గోనెపట్టా తెర. తెరవతల గిరిజమ్మ, ఆమె పక్కన నాగమ్మ, బస్వమ్మ, ఇంకా వీధి ఆడవాళ్లంతా. రత్నమ్మ ఒక మూల. పీటర్ పంతులు ద్వారం దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డాడు.

చెన్నబసప్ప గొంతు సవరించుకున్నాడు. "పెద్దలారా, మీరు ఇంతకు ముందు విన్నది నేర్సుకున్నోళ్ల ఇంగ్లీషు. ఇయ్యాల పుట్టినోళ్ల ఇంగ్లీషు వింటరు. విలాయతిల ఉత్తగ మాట్లాడరు. మాటకొక దెబ్బ ఉంటది, ఆఖరికి ఒక ఊపిరుంటది. ఆ సంగతి మన పాత పంతులుకు తెల్వనే తెల్వదు."

పిల్లలు లేచారు. "ద కౌ గివ్స్ మిల్క్." ధబ్, ధబ్, ధబ్, టప్, ఉఫ్. "ద ఆక్స్ ఈట్స్ గ్రాస్." ధబ్, ధబ్, ధబ్, టప్, ఉఫ్. కోహీర్ వ్యాపారులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, భలే అన్నారు. న్యాల్‌కల్ పెద్దమనిషి ఒకాయన అప్పుడే తొడ మీద సాధన మొదలుపెట్టాడు.

తెరవతల మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత బస్వమ్మ నాగమ్మను పొడిచింది. నాగమ్మ గిరిజమ్మను పొడిచింది. గిరిజమ్మ కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, ఇంకో రెండు వాక్యాలు విన్నది. అప్పుడు ఏనాడూ నలుగురు మగవాళ్ల ముందు నోరు విప్పని ఆ ముసలమ్మ, గోనెపట్టా పక్కకు లాగేసి నిలబడింది.

"ఒరే చెన్నా, గిది విలాయతి ఇంగ్లీషు కాదురా. గిది గోడవతల రత్నమ్మ రొట్టె."

"అవ్వా, నువ్వు కూసో" అన్నాడు చెన్నబసప్ప.

"ఎందుకు కూసుంట? దినాం పొద్దుగాల ఇదే చప్పుడుకు లేస్తున్న. మూడు పెద్దయి, ఒకటి సన్నది. గా ఉఫ్ గూడ దానిదే. నమ్మకుంటె పిండి తెప్పియ్యి."

పిండి వచ్చింది, పీట వచ్చింది, ఉడుకు నీళ్లు వచ్చాయి. రత్నమ్మ కొంగు బిగించి, అంతమంది మగవాళ్ల మధ్య కూర్చుని, పిండి పిసికి, ఉండ చేసి, పీట మీద పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. ధబ్.

"ద" అన్నారు పిల్లలంతా, ఎవరూ చెప్పకుండానే.

ధబ్. "కౌ." ధబ్. "గివ్స్." టప్. "మిల్క్." ఆమె అరచెయ్యి ఎత్తేలోపల గోదామంతా ఉఫ్ అంది.

ఆ తర్వాత ఏమైందో చెప్పడం కష్టం. నవ్వులో కోహీర్ వ్యాపారి తలపాగా జారిపోయింది. నాగమ్మ బెల్లం ముద్దల మీద కూలబడింది. యానప్ప దొర మాత్రం ముందు ఆ పీట వైపు, తర్వాత రత్నమ్మ వంకర వేలి వైపు, తర్వాత తన తొడ వైపు చూసుకుని, సంగతి తలకెక్కగానే అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే జనాన్ని తోసుకుంటూ ద్వారం దగ్గరికి వెళ్లి, చెప్పుల మధ్య నిలబడ్డ పీటర్ పంతులు చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు. "హీ ఈజ్ మై టీచర్" అన్నాడు. పాపం అలవాటు పోలేదు, తొడ కొడుతూనే అన్నాడు. ఉఫ్ కూడా అన్నాడు.

"ఏమంటున్నడు?" అని అడిగాడు చెన్నబసప్ప.

పీటర్ పంతులు తల వంచుకున్నాడు. "నేను చెప్తె మల్ల కడుపుమంటంటరు సావుకారీ."

"అనడు. నేనున్న. చెప్పు పంతులూ" అంది గిరిజమ్మ.

"'ఈయన నా గురువు' అంటున్నడు" అన్నాడు పీటర్ పంతులు. రత్నమ్మకు పిండి చేతులతోనే కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. ఇన్నాళ్లు దాచుకున్న ఏడుపంతా నవ్వుతో కలిసి వచ్చేసింది.

చెన్నబసప్ప ఎంత మొండివాడైనా వ్యాపారి. సరుకు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిశాక మధ్యవర్తి ఎందుకని అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. "పంతులూ, రేపటి సంది కుర్చీ నీదే. ఇల్లు గిల్లు ఖాళీ చేసుడేం లేదు. దొర ఇంజను చూసుకుంటడు" అన్నాడు, మీసాల మీది చెమట తుడుచుకుంటూ. ఇంటికి వచ్చాక పంతులు రత్నమ్మ వైపు అనుమానంగా చూశాడు. "ఒట్టేసినవ్ గద" అన్నాడు.

"నోటితోని చెప్పనన్న. చెప్పలే" అంది రత్నమ్మ. ట్రంకుపెట్టె మళ్లీ అటకెక్కింది.

ఇక్కడికి కథ అయిపోవాలి. అయిపోలేదు. మర్నాడు గోదాం నుంచి పీటర్ పంతులు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మల్లేమైంది?" అంది రత్నమ్మ.

"నేను ద కౌ గివ్స్ మిల్క్ అంటె పిల్లలు చేతులు పైకెత్తి అట్లనే కూసున్నరు. విరూపాక్ష లేచి, పంతులూ, నీది ఉత్త మాట, దెబ్బ లేదు, ఉఫ్ లేదు, గిది ఇంగ్లీషు కాదన్నడు. రొట్టె సంగతి తెలిసినంక గూడ అంతే. దెబ్బ లేకుంటె వాళ్ల నోట్లెకెల్లి మాట వస్తలేదే. సావుకారి గడప కాడ నిలవడి ఆలోచన్ల పడ్డడు."

రత్నమ్మ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుని, పిండి డబ్బా మూత బిగించి, పడుకోమంది.

మర్నాడు తెల్లవారేసరికి పొయ్యి ముందు రెండు పీటలు ఉన్నాయి. ఒక దాని మీద యానప్ప దొర, ఇంకో దాని మీద పీటర్ పంతులు.

"చేతులు కడుక్కున్నరా ఇద్దరు?" అంది రత్నమ్మ. కడుక్కున్నామని చూపించారు. ఉండ పీట మీద పడింది. దొర దెబ్బ సరిగానే పడింది. పంతులుది మాత్రం ఒకటి ముందు, ఒకటి వెనక. ఉఫ్ అయితే మధ్యలోనే వచ్చేసింది.

గోడవతల నుంచి గిరిజమ్మ గొంతు వినిపించింది. "రత్నీ, ఇయ్యాల దెబ్బ తప్పుతుందేందే?"

"కొత్త పిల్లగాడు చేరిండవ్వా" అంది రత్నమ్మ. "జర మొద్దు."